సందేహాలు – సమాధానాలు: కణంలోని సంచి ఎలా తెరుచుకుంటుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట పెట్టాను. ఒకటి నర్సింగ్ విద్యార్థినిది, ఒకటి తోటపని చేసుకునే గృహిణిది, ఒకటి పాముకాటు గురించి, ఇంకొకటి షుగర్ మాత్ర గురించి. పైకి చూస్తే ఒకదానికొకటి సంబంధం లేదు. కానీ నాలుగింటికీ జవాబు శరీరంలో ఒకే చోట ఉంది కాబట్టి వరసగా చదవండి, మొదటిది అర్థమైతే మిగతా మూడూ తేలికవుతాయి.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. "కాల్షియం లోపలికి రాగానే వెసికిల్ నరం చివరి పొరతో కలిసిపోతుంది, ఎసిటైల్‌కోలిన్ విడుదలవుతుంది" అని పుస్తకంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు. పరీక్షకి అది చాలు గానీ నాకు అర్థం కాలేదు. రెండు పొరలు ఎలా కలుస్తాయి? చారు మీద నూనె చుక్కలు కలిసినట్టు వాటంతట అవే కలుస్తాయా? అలాగైతే మధ్యలో కాల్షియం ఎందుకు?
— ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: నూనె చుక్కలతో పోల్చడం బాగుంది అమ్మా, అసలు తేడా సరిగ్గా అక్కడే ఉంది. నూనెకి నీళ్ళంటే పడదు కాబట్టి రెండు చుక్కలు తగిలితే నీటికి ఎంత తక్కువ ఆనితే అంత మేలన్నట్టు ఒక్కటైపోతాయి. కణం పొర అలాంటిది కాదు. అందులో కొవ్వు అణువులు రెండు వరసలుగా, తోకలు లోపలికి దాచుకుని తలలు బయటికి పెట్టుకుని నిలబడి ఉంటాయి, ఆ తలలకి నీళ్ళంటే ఇష్టం. ప్రతి తలా తన చుట్టూ కాసిన్ని నీటి అణువుల్ని పట్టుకుని కూర్చుంటుంది. అలాంటి రెండు పొరలు కలవాలంటే ముందు మధ్యనున్న ఆ కాస్త నీటిని బయటికి తోసెయ్యాలి, తరవాత చక్కగా సర్దుకున్న వరసలు ఒక్క క్షణం చెదరాలి. రెండూ పొరలకి ఇష్టం లేని పనులే, బలవంతం లేకుండా జరగవు. ఇది మన అదృష్టం కూడా. పొరలు తగలగానే కలిసిపోయేవైతే ఒక కణానికీ పక్క కణానికీ హద్దే ఉండేది కాదు.

ఆ బలవంతం చేసేవి ప్రోటీన్లు. వాటిని స్నేర్ ప్రోటీన్లు అంటారు. వెసికిల్ అంటే నాడీ కణంలో సుమారు 40 నానోమీటర్ల అడ్డకొలత ఉన్న చిన్న గుండ్రటి సంచి, అందులో నరం ఆజ్ఞని కండరానికి అందించే రసాయనం, అంటే ఎసిటైల్‌కోలిన్, అణువులు కొన్ని వేలు నింపి ఉంటాయి. ఆ సంచి మీద సినాప్టోబ్రెవిన్ అనే ప్రోటీన్ పోగులా నిలబడి ఉంటుంది. నరం చివరి పొర మీద సింటాక్సిన్, స్నాప్-25 అని ఇంకో రెండు ఉంటాయి. సినాప్టోబ్రెవిన్ నుంచి ఒక పేట, సింటాక్సిన్ నుంచి ఒకటి, స్నాప్-25 నుంచి రెండు, ఈ నాలుగు పేటలూ ఒకదాన్నొకటి చుట్టుకుంటూ తాడు పేనినట్టు పేనుకుంటాయి. పేనడం ఎక్కడ మొదలవుతుందో గమనించండి: పొరలకి దూరంగా ఉన్న కొసల దగ్గర మొదలై పొరల వైపుకి వస్తుంది. పురి ఎక్కేకొద్దీ సంచి పొర మీదికి లాగబడుతుంది, మధ్యనున్న నీరు పక్కలకి పోతుంది, చివరికి రెండు పొరలూ ఒకటై చిన్న రంధ్రం పడుతుంది, లోపలి సరుకు బయటికి వస్తుంది. ఈ నాలుగు పేటల కట్ట ఆకారాన్ని స్ఫటికంగా చేసి 1998లో చూశారు. అది ఎంత గట్టి కట్టంటే, మామూలుగా ప్రోటీన్లను విడగొట్టడానికి ల్యాబుల్లో వాడే డిటర్జెంటులో వేసినా, మరిగించకపోతే విడిపోదు.

ఇప్పుడు కాల్షియం సంగతి. మెదడు నుంచి ఆజ్ఞ వచ్చాక పేనడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. అందుకని నరం చివర కొన్ని సంచులు ముందే పొర దగ్గరికి చేరి, పేనడం సగం దాకా కానిచ్చి, ఆగి ఉంటాయి. విల్లు ఎక్కుపెట్టి, బాణం వదలకుండా నిలబడినట్టు. వాటిని అలా ఆపి ఉంచడానికీ, సమయం రాగానే వదలడానికీ వేరే ప్రోటీన్లు ఉన్నాయి. వాటిలో సినాప్టోటాగ్మిన్ అనేది కాల్షియాన్ని పసిగట్టేది. కణం బయట కాల్షియం లోపలికంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువ, కాబట్టి విద్యుత్ సంకేతం వచ్చి పొరలో కాల్షియం దారులు తెరిచిందంటే అది ఒక్కసారిగా లోపలికి దూకుతుంది, సినాప్టోటాగ్మిన్ దాన్ని పట్టుకుని పొరలోకి గుచ్చుకుంటుంది, ఆగిన పేనడం పూర్తవుతుంది. కాల్షియం లోపలికి రావడం నుంచి సరుకు బయటపడేదాకా ఒక మిల్లీసెకండు కూడా పట్టదు. అంటే పొరలు కలవడానికి కావలసిన బలం కాల్షియం ఇవ్వడం లేదు, ఆ బలం ముందే స్నేర్‌లలో సిద్ధంగా ఉంది, కాల్షియం "ఇప్పుడు" అని చెబుతుందంతే. పుస్తకంలో ఆ ఒక్క వాక్యం ఈ తేడాని మింగేస్తోంది, అందుకే మీకు అర్థం కాలేదు, తప్పు మీది కాదు.

ఇదంతా ఎలా కనిపెట్టారన్నది నాకు ఇష్టమైన భాగం. 1950ల మొదట్లో లండన్‌లో బెర్నార్డ్ కాట్జ్, పాల్ ఫాట్ కప్ప కండరంలో నరం తాకే చోట సన్నని ఎలక్ట్రోడు పెట్టి చూస్తుంటే, నరాన్ని ఎవరూ కదిలించకపోయినా అర మిల్లీవోల్టు పాటి చిన్న చిన్న అలలు వాటంతట అవే వస్తున్నాయి. తరవాత కాట్జ్, డెల్ కాస్టియో కలిసి చుట్టూ ద్రవంలో కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచి నరాన్ని ప్రేరేపించారు. అప్పుడు వచ్చిన స్పందన ఒకసారి అసలు లేదు, ఒకసారి ఆ చిన్న అలంత, ఒకసారి దానికి రెండింతలు, ఒకసారి మూడింతలు. మధ్యలో ఒకటింబావు, ఒకటిన్నర లాంటివి లేవు. అంటే నరం ఎసిటైల్‌కోలిన్‌ని ధారగా పొయ్యడం లేదు, పొట్లాలుగా వేస్తోంది! ఆ పొట్లమే సంచి అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాక తేలింది. కాట్జ్‌కి 1970లో నోబెల్ వచ్చింది. 1979లో హ్యూజర్, రీస్ అనేవాళ్ళు కప్ప కండరాన్ని ప్రేరేపించిన కొన్ని మిల్లీసెకండ్లకే ద్రవ హీలియంతో చల్లబరిచిన రాగి దిమ్మ మీద టక్కున పడేలా చేసి గడ్డకట్టించారు, సంచులు పొరలోకి నోరు తెరిచి ఉండగానే దొరికిపోయాయి. ఆ ఫోటోలు ఎక్కడైనా దొరికితే తప్పకుండా చూడండి.

మీరు నర్సింగ్ చదువుతున్నారు కాబట్టి కాట్జ్ ప్రయోగం మీ వార్డులో రోజూ జరుగుతుందని చెప్పాలి. గుర్రపువాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించేటప్పుడు గంటగంటకీ మోకాలి మీద సుత్తితో తట్టి చూడమంటారు కదా. మెగ్నీషియం మోతాదు మించితే అది నరం చివర కాల్షియాన్ని లోపలికి రానివ్వదు, సంచులు తెరుచుకోవు, మోకాలు కదలదు. అది మొదటి హెచ్చరిక, పట్టించుకోకపోతే తరవాత ఆగేది ఊపిరి. విరుగుడు ఏమిటి? కాల్షియం గ్లూకోనేట్. అది ఎందుకు విరుగుడో ఇక మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట. పని అయిపోయాక పేనుకున్న స్నేర్‌లని విప్పాలి, లేకపోతే రెండోసారికి పనికిరావు. ఆ విప్పే ప్రోటీన్ పేరు ఎన్‌ఎస్‌ఎఫ్, అది కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చు పెట్టి విప్పుతుంది. కణం అసలు ఖర్చు పెట్టేది ఇక్కడే. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెలికి తీసింది భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా విడిగా కనుక్కున్నాడు.) ఎన్‌ఎస్‌ఎఫ్‌ని జేమ్స్ రాత్‌మన్ జంతు కణాల నుంచి వేరు చేస్తే, ర్యాండీ షెక్మన్ బ్రెడ్డు పొంగించే ఈస్ట్‌లో సరుకు బయటికి పంపలేక సంచులు లోపలే పేరుకుపోయిన రకాలని ఏరి, లోపం ఏ జన్యువుల్లో ఉందో పట్టుకున్నాడు. రెండు దారులూ ఒకచోట కలిశాయి: ఈస్ట్‌లోని ఒక జన్యువు రాత్‌మన్ ప్రోటీన్‌కి తోబుట్టువే. ఈస్ట్‌కి నరాలు లేవు, అయినా సంచి తెరిచే పద్ధతి అదే. కాల్షియం వైపు పని చేసిన థామస్ సూడాఫ్‌తో కలిపి ఈ ముగ్గురికీ 2013లో నోబెల్ ఇచ్చారు.

ప్రశ్న: తోటపని చేస్తుంటే తుప్పు మేకు గుచ్చుకుంది, టీటీ ఇంజెక్షన్ వేయించుకున్నాను. అక్కడే ఒకావిడ ముడతలకి బొటాక్స్ వేయించుకోవడానికి వచ్చారు. ధనుర్వాతం విషం, బొటాక్స్ విషం దాదాపు ఒకటే అని మా అమ్మాయి చెబితే నమ్మలేకపోయాను. ధనుర్వాతంలో ఒళ్ళు బిగుసుకుపోతుంది కదా, బొటాక్స్‌తో వదులవుతుంది కదా?
— ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజం. రెండూ ఒకే కుటుంబానికి చెందిన బాక్టీరియా చేసే విషాలు, రెండూ నరంలోకి దూరి పైన చెప్పిన స్నేర్ ప్రోటీన్లని కత్తిరిస్తాయి. పేనాల్సిన పేట తెగిపోతే సంచి పొర దగ్గరే ఉండిపోతుంది, తెరుచుకోదు. ముడతలకి ఎక్కువగా వాడే బొటులినమ్ ఎ రకం స్నాప్-25ని కోస్తుంది. బి రకం సినాప్టోబ్రెవిన్‌ని కోస్తుంది. ధనుర్వాతం విషం కూడా సినాప్టోబ్రెవిన్‌నే, అదీ బి రకం కోసే సరిగ్గా అదే చోట కోస్తుందని 1992లో ఇటలీ శాస్త్రవేత్తలు చూపించారు.

మరి ఫలితం తలకిందులుగా ఎందుకు? కోసే చోటు వేరు. బొటులినమ్ నరం కండరాన్ని తాకే దగ్గరే ఉండిపోతుంది, అక్కడ ఎసిటైల్‌కోలిన్ ఆగిపోతుంది, కండరం వదులైపోతుంది. ధనుర్వాతం విషం అక్కడ ఆగదు, నరం వెంట పైకి పాకి వెన్నుపాములోకి చేరి, "ఇక చాలు, బిగించకు" అని కండరాలకి పగ్గం వేసే నాడీ కణాల్లోకి దూరి వాటి సంచుల్ని మూస్తుంది. పగ్గం పోయింది కాబట్టి దవడ, మెడ, వీపు అన్నీ ఒకేసారి బిగుసుకుని మనిషి విల్లులా వంగిపోతాడు. ధనుస్సు అన్న పేరు ఊరికే రాలేదు. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ధనుర్వాతం గదిని చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచేవాళ్ళం, తలుపు గట్టిగా వేస్తే చాలు రోగి ఒళ్ళంతా మెలితిరిగిపోయేది. స్పృహ మాత్రం పూర్తిగా ఉండేది. ఆ కళ్ళు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఒకప్పుడు కొడవలితోనో తుప్పు బ్లేడుతోనో బొడ్డు కోసిన పసిపిల్లలకి కూడా వచ్చేది. గర్భిణులకి టీకాలు వెయ్యడం, ఆసుపత్రి కాన్పులు పెరగడం వల్ల మన దేశంలో తల్లులు, పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు 2015లో గుర్తించారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఆ గుర్తింపు 2003లోనే వచ్చింది. నిర్మూలన అంటే జబ్బు చాలా అరుదైందని అర్థం, మట్టిలో ఆ బాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. ఇంకో సంగతి, ధనుర్వాతం ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళకి కూడా రక్షణ రాదు, మనిషిని చంపడానికి సరిపోయే విషం కూడా శరీరం గుర్తుపెట్టుకోవడానికి సరిపోనంత తక్కువ. కాబట్టి టీకా వేసుకోవాల్సిందే. ఇప్పుడు టీటీ బదులు డిఫ్తీరియా కూడా కలిపిన టీడీ వేస్తున్నారు.

బొటాక్స్ గురించి భయపడకండి. దాన్ని మొదట మందుగా వాడింది ముడతలకి కాదు, మెల్లకన్నుకి. నిపుణులు సరైన మోతాదులో వేస్తే మూణ్ణాలుగు నెలలకి ప్రభావం పోతుంది, నరం మళ్ళీ సర్దుకుంటుంది.

ప్రశ్న: పొలం దగ్గర నేల మీద పడుకున్న మా మామయ్యకి రాత్రి కట్లపాము కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు, తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోయాయి. ఆసుపత్రిలో పాము మందు ఎక్కించారు, అయినా తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఇప్పుడు బాగున్నారు. మందు పని చేయలేదా? డాక్టర్లు మాకు ఏదో దాచారని ఊళ్ళో అంటున్నారు.
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు మీ మామయ్య బతికి బయటపడ్డందుకు చాలా సంతోషం. డాక్టర్లు దాచిందేమీ ఉండక్కర్లేదు, మీరు రాసిన క్రమం కట్లపాము కాటులో మామూలుగా జరిగేదే.

ఈ పాము విషంలో బీటా బంగారోటాక్సిన్ అనేది ఉంటుంది. అది నేరుగా నరం చివరికి పోయి అక్కడి కొవ్వు పొరని కొరుక్కు తింటుంది. దాంతో సంచులు అదుపు లేకుండా ఖాళీ అయిపోతాయి, కొత్తవి తయారు కావు, చివరికి ఆ నరం కొస కూడా పాడవుతుంది. పాము మందు రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటుంది, అంతవరకే. అప్పటికే పాడైన నరం కొసని బాగు చేయడం దాని చేతిలో లేదు. ఆ కొస మళ్ళీ పెరగాలి, దానికి రోజులు పడుతుంది. ఆ రోజులు ఊపిరి నడిపించడానికే వెంటిలేటర్. నాగుపాము కాటులో ఎక్కువగా దెబ్బతినేది కండరం వైపు, అంటే ఎసిటైల్‌కోలిన్‌ని అందుకునే చోటు, సంచులు బాగానే ఉంటాయి, అందుకే అక్కడ ఎసిటైల్‌కోలిన్ విరిగిపోకుండా కాపాడే నియోస్టిగ్మిన్ అనే మందు ఇస్తే చాలామందికి త్వరగా గుణం కనిపిస్తుంది. కట్లపాము కాటులో అది అంతగా పనిచేయదు, సంచుల్లో సరుకే లేనప్పుడు దాన్ని కాపాడే మందు ఏం చేస్తుంది? కాబట్టి మందు పనిచేసింది, ఇంకా పాడవకుండా ఆపింది. మిగతా పని మీ మామయ్య శరీరం, ఆ తొమ్మిది రోజులు కాపలా కాసినవాళ్ళు చేశారు.

ఆ విషం పేరులో బంగారం ఏమిటని అడుగుతారేమో. అది మన తెలుగు మాటే. 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోస్తా పాముల గురించి రాస్తూ ఇక్కడివాళ్ళు బంగారు పాము అన్న పేరుని అలాగే ఎక్కించాడు, దాన్నుంచే ఈ జాతికి బంగారస్ అని శాస్త్రీయ నామం వచ్చింది. 1963లో తైవాన్‌లో చాంగ్, లీ ఆ జాతిలోని వాళ్ళ దేశపు పాము విషం నుంచి వేరు చేసిన పదార్థాలకి పాము పేరే పెట్టారు. అలా ఒక తెలుగు మాట ప్రపంచంలో నరాల మీద పనిచేసే ప్రతి ల్యాబులోనూ వినిపిస్తోంది.

ఇక అసలు చెప్పాల్సింది. కట్లపాము రాత్రి పూట, నేల మీద నిద్రపోతున్నవాళ్ళని కరుస్తుంది, గాటు కూడా సరిగ్గా కనపడదు. పొలం దగ్గర పడుకునేవాళ్ళు మంచం వేసుకోండి, దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపుకోండి, కుదరక నేల మీదే పడుకున్నా దోమతెర మానకండి. నేల మీద పడుకుని లేచినవాళ్ళు ఉదయం కడుపునొప్పి, రెప్పలు బరువు, మాట ముద్దగా రావడం అంటే ఇంకేమీ ఆలోచించకండి, పాము కనపడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం కోసం ఆగడం వద్దు. మీరు ఆగిన ప్రతి గంటలో ఇంకొన్ని నరం కొసలు పోతాయి.

ప్రశ్న: నా వయసు 58. షుగర్‌కి పొద్దున గ్లిమెపిరైడ్ వేసుకుంటాను. మొన్న మాత్ర వేసుకుని పెళ్ళి హడావిడిలో టిఫిన్ తినలేదు, పదకొండింటికి చెమటలు పట్టి కళ్ళు తిరిగాయి. ఒంట్లో చక్కెర లేనప్పుడు మాత్ర ఊరుకోవాలి కదా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఊరుకోదు, అదే దాంతో ఇబ్బంది. పాంక్రియాస్‌లోని బీటా కణాల్లో ఇన్సులిన్ కూడా సంచుల్లోనే నిలవ ఉంటుంది, ఒక్కో కణంలో వేల సంచులు. మామూలుగా రక్తంలో గ్లూకోజ్ పెరిగితే కణంలో ఏటీపీ పెరుగుతుంది, దాంతో పొరలోని ఒక పొటాషియం దారి మూసుకుంటుంది, కాల్షియం దారి తెరుచుకుంటుంది, ఆ తరవాత కథ పైన చెప్పిందే. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి గ్లూకోజ్ ఉందా లేదా అని చూడకుండా ఆ పొటాషియం దారిని నేరుగా మూసేస్తాయి. మీరు తినకపోయినా సంచులు తెరుచుకున్నాయి, ఉన్న కాస్త చక్కెరా పోయింది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఇలా జరగడం అరుదు, అది ఈ సంచుల జోలికి పోదు.

మాత్ర మీ అంతట మీరు మానేయకండి. టిఫిన్ ముందు పెట్టుకున్నాకే మాత్ర వేసుకోండి, జేబులో గ్లూకోజ్ బిళ్ళలో చక్కెర పొట్లమో ఉంచుకోండి, మొన్న జరిగింది డాక్టరుగారికి చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు. కార్తీక సోమవారాలో, ఏకాదశో, రంజాన్ ఉపవాసమో ఉండేవాళ్ళు ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో వారం ముందే అడిగి తెలుసుకోండి.